పరుపుల కొట్లో పీరు

మా అన్న మొదట పరుపులను పొడిచాడు. తర్వాత మనుషుల మీదికి వచ్చాడు.

హైదరాబాదు మదీనాగూడలో ముంబై రోడ్డు మీద, ఒక పక్క బంగారం కొట్టు, ఇంకో పక్క చీరల కొట్టు, మధ్యలో ఇరుక్కున్న చిన్న పరుపుల కొట్టు మా అన్నది. ముందర కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. మేము దూదేకుల వాళ్ళం. మాది నంద్యాల వైపు పల్లె. మా తాత విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకేవాడు. అన్న కరెంటు మిషను పెట్టుకుని అదే పని చేసేవాడు. ఆన్‌లైన్‌లో స్పాంజి పరుపు తెప్పించుకుని నడుము పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు మళ్ళీ దూది పరుపు కోసం అతని దగ్గరికే వచ్చేవారు. నేను నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులు పట్టడం. ఆఫీసులో దానికి జీతం ఇస్తారు. ఇంట్లో ఆడపిల్ల అదే పని చేస్తే పొగరు అంటారు.

అప్పటికి కొన్ని నెలలుగా అన్న తీరు బాగాలేదు. సరిగా నిద్రపోయేవాడు కాదు. ఎదురుగా లేస్తున్న టవర్ల వైపు చూస్తూ గొణిగేవాడు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళను, నిన్ను ఎవరు పంపారని నిలదీసేవాడు. వదిన ఈ సంగతి చెప్పినప్పుడు నేను డాక్టరుకు చూపిద్దాం అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మంది.

నేను వెళ్ళేసరికి షట్టర్ సగం దించి ఉంది. లోపల గాలి నిండా దూది. కళ్ళు తెరిస్తే కళ్ళలో, నోరు తెరిస్తే నోట్లో. అన్న బట్ట కత్తిరించే పెద్ద కత్తెరను పిడికిట్లో బిగించి ఒక్కో పరుపునూ నిలువునా చీలుస్తున్నాడు. చీల్చి, చేయి లోపలికి దూర్చి, దూది లాగి బయట పారేస్తున్నాడు. "మైకులు పెట్టినారు దీంట్లో. నేను అనేదంతా ఆ బిల్డింగుల్లోకి పోతాండాది" అని అరుస్తున్నాడు. పరుపు తీసుకుపోవడానికి వచ్చిన ఒకాయన మూలన కూలబడి ముక్కు పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి చొక్కా తడిసిపోయింది. తన పరుపు ఇంకా కాలేదా అని అడిగినందుకు అన్న అతని మొహాన్ని మిషను చెక్కకేసి కొట్టాడట.

వదిన అడ్డం పోయింది. అన్న కత్తెర పిడితో ఆమె చెంప మీద కొట్టాడు. చెంప చిట్లింది. ఆమె పడిపోకుండా నిలబడి అతని చేయి పట్టుకుంది. అతను ఆమె చేతినే మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. చుట్టూ దూది ఉంది కాబట్టి చిన్నగానే వినపడింది. నేను వెనకనుంచి అతని జుట్టు పట్టి లాగితే మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు. నేల మీద పడి ఊపిరి కోసం కొట్టుకున్నాను.

అప్పుడు అతని గొంతు మారింది. లావుగా, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, "నా ముందర తల ఎత్తేది ఎవురు?" అన్నాడు.

ఆ గొంతు మాకు తెలుసు. మా ఊళ్ళో పీర్ల పండుగకు పీరును ఎత్తే హక్కు మా ఇంటిది. పొడవాటి కర్రకు పట్టు దట్టీలు చుట్టి, పైన లోహపు చేతి గుర్తు ఉంటుంది. దాన్ని తాత ఎత్తాడు, తర్వాత నాయన ఎత్తాడు, నాయన మోకాళ్ళు పట్టేశాక అన్న ఎత్తుతున్నాడు. ఎత్తినవాడి మీదికి పీరు వస్తాడని నమ్మకం. డప్పులు మోగుతుంటే అతను నిప్పుల గుండం తొక్కుతాడు. హిందువులూ ముస్లిములూ అని లేకుండా ఊరంతా వచ్చి చక్కెర చదివించి, తమ కష్టాలు చెప్పుకుని, ఎప్పుడు తీరుతాయని అడుగుతారు. అతను చెబుతాడు. ఆ చెప్పే గొంతు ఇదే.

వదిన విరిగిన చేతిని రొమ్ముకు అదుముకుని, మోకాళ్ళ మీద కూర్చుని, రెండో చేత్తో అన్న పాదాలు ముట్టుకుంది. "తప్పయింది సామీ" అంది. ఆమె చెంప మీది రక్తం అతని పాదం మీద పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్న మీద కాదు, ఆమె మీద.

మరుసటి రోజు నాయన ఊదు, నెమలీకల కట్ట, ఆకుపచ్చ గుడ్డ పట్టుకుని బస్సు దిగాడు. కొడుకు మొహం సరిగా చూడకముందే పీరు పట్నానికి వచ్చాడని తేల్చేశాడు. కోడలి చేతికి నేను అప్పటికే సిమెంటు కట్టు వేయించుకొచ్చాను. దాని వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. చీల్చిన పరుపులను పక్కకు నెట్టి, మిగిలిన ఒక మంచి పరుపును గద్దెలా వేసి, అన్నను కూర్చోబెట్టి ఊదు పొగ పెట్టాడు. అన్న ఆ పొగలో దగ్గుతూ కూర్చున్నాడు.

మాట పాకింది. మియాపూర్, లింగంపల్లి చుట్టుపక్కల ఉండే మావాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. చక్కెర పొట్లాలు, అగరొత్తులు, దండాలు. మా పిల్లకు సంబంధం కుదురుతుందా సామీ. స్థలం కేసు గెలుస్తామా సామీ. అన్న జవాబు చేత్తోనే చెప్పేవాడు. ఒకామెను జుట్టు పట్టి గోడకు కొట్టాడు. ఆమె బొప్పి తడుముకుంటూ, ఇక పని అయినట్టేనని పక్కవాళ్ళతో సంబరంగా చెప్పుకుంది. ఇంకొకాయన ఆఫీసు ట్యాగ్ మెడలో వేసుకునే వచ్చాడు. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నాడట, ఎప్పుడు దొరుకుతుందని అడిగాడు. అన్న ఎడాపెడా వాయించాడు. కళ్ళజోడు ముక్కలైంది. ఆ ముక్కలను జేబురుమాలులో భక్తిగా మూటగట్టుకుని, దారి కనపడక గోడ తడుముకుంటూ బయటికి పోయాడు. కోడు రాసే తలకాయ అది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

నాయనతో రోజూ పోట్లాడాను.

"నాయనా, ఇది రోగం. మందులు ఉండాయి దీనికి."

"మనోళ్ళల్లో ఎవురన్నా పోయినారా పిచ్చాసుపత్రికి?"

"పోలేదు. అందుకే ఇట్లుండాం."

"నోరు ముయ్."

నోరు మూయలేదు గానీ, ఆయన భయం నాకు తెలియంది కాదు. మా పేర్లు సగం అటు, సగం ఇటు. ఇల్లు అద్దెకు అడిగితే పేరు విని సాయిబులకు ఇవ్వమంటారు. సాయిబుల వీధిలో అడిగితే, ఉర్దూ రాని మీరేం సాయిబులని అదోలా చూస్తారు. ఈ కొట్టు కోసం అన్న చెప్పులరిగేలా తిరిగాడు. ఇక పిచ్చి అనే ముద్ర కూడా పడితే మమ్మల్ని గడప తొక్కనిచ్చేదెవరని నాయన బాధ. వదిన ఇంకా సూటిగా చెప్పింది. "పిచ్చోని పెండ్లాం అనిపించుకునేదానికంటే పీరు కొట్టిన ఆడది అనిపించుకునేది మేలు గదమ్మా." ఆ మాట అనేటప్పటికి అన్న మళ్ళీ కొట్టి ఆమె కింది పెదవికి కుట్లు పడ్డాయి. మాట్లాడితే కుట్లు లాగి చిన్నగా రక్తం వచ్చింది. పైట చెంగుతో అద్దుకుంది.

ఆ పెదవిని చూసినప్పుడే నాకు అసలు భయం పట్టుకుంది. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు అతను ఆమెను చంపేస్తాడు. చంపేటప్పుడు మేమంతా చుట్టూ నిలబడి మొక్కుతుంటాం.

మా ఆఫీసు లిఫ్టులో ఒక పోస్టరు ఉంటుంది, మనసు బాగాలేకపోతే మాట్లాడండి అని. దాని నిండా నవ్వు మొహాలు. అందులో ఎవరి పెదవికీ కుట్లు లేవు. తిట్టుకుంటూనే ఆ పోస్టరులో చెప్పిన చోటికి పోయాను. అక్కడివాళ్ళు నన్ను ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పీరు సంగతి చెప్పేటప్పుడు ఆమె నవ్వితే లేచి వచ్చేద్దామని కుర్చీ అంచున కూర్చున్నాను. ఆమె నవ్వలేదు.

"నమ్మకం మానుకోమని నేను చెప్పనండి. పీరు వచ్చిన మనిషి ఎలా ఉంటాడో, మీ అన్నయ్యగారు ఎలా ఉన్నారో, ఆ తేడా చెప్పగలిగేవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నారు?"

"మా నాయన. ఆయన ఇంతకుముందు పీరు ఎత్తాడు."

"అయితే ఆయన్ని అడగండి. నా మాట మీవాళ్ళు వినరు, ఆయన మాట వింటారు. ఈలోగా మీ వదినగారిని ఒంటరిగా వదలకండి. కత్తెరలూ అవీ ఇంట్లోంచి తీసేయండి. మళ్ళీ ఎవరి మీదైనా చేయి చేసుకుంటే ఇక ఎవరినీ అడక్కుండా తీసుకొచ్చేయండి."

తిన్నగా కొట్టుకు వెళ్ళి కత్తెరలు, పరుపులు కుట్టే పొడవాటి దబ్బనాలు ఏరి సంచిలో వేశాను. తర్వాత నాయనను పక్కకు పిలిచి అడిగాను. "నీ మీదికి పీరు వచ్చినప్పుడు నువ్వు ఇట్లనే ఉంటివా?"

నాయన నన్ను కొట్టాడు. పెద్దయ్యాక ఆయన నా మీద చేయి చేసుకోవడం అదే మొదలు. చెవి గింగురుమంది. కొట్టి, తన చేయి తనే చూసుకుంటూ నిలబడ్డాడు. కొడుకు మీదికి వచ్చింది పీరు కాదంటే, మరి నీ మీదికి వచ్చిందేమిటని ఊరు అడుగుతుంది. ఊళ్ళో ఆయనకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఆ మర్యాద ఒక్కటే.

గురువారం వచ్చింది. గురువారం మంచిదని మావాళ్ళు ఎక్కువమంది వచ్చారు. కొట్టు నిండిపోయింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టి ఒక మూలన కాపలా కాస్తున్నాను. అన్నకు కత్తెర ఎక్కడ దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు. పరుపు కింద ముందే దాచుకున్నాడేమో. వదిన ఊదు గిన్నె పట్టుకుని వంగింది. అతను ఆమె జడ పట్టి పైకి లేపి, కత్తెరను భుజంలోకి దించాడు. లాగాడు. మళ్ళీ ఎత్తాడు.

"దీని ఒంట్లో కూడా పెట్టినారు" అన్నాడు. "మైకు దీని ఒంట్లోనే ఉండాది."

జనం ఏం చేశారంటే, మొక్కారు. శాంతించు సామీ, శాంతించు సామీ అని చేతులు జోడించి వెనక్కి జరిగారు. వదిన అరవను కూడా అరవలేదు. నేను దూకి కత్తెర పట్టిన మణికట్టును రెండు చేతులా పట్టుకున్నాను. అతను నా ముంజేయి కొరికాడు. పళ్ళు దిగి కండ ఊడివచ్చింది. నేను వదల్లేదు. నాయనా అని కేక పెట్టాను.

నాయన లేచాడు. మోకాళ్ళు వంగని మనిషి, పరుపుల మీద పడుతూ లేస్తూ వచ్చి కొడుకు నడుమును వెనకనుంచి వాటేసుకున్నాడు.

"పట్టుకోండి వీన్ని. పీరు కాదు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకరు, "అట్లంటావేమన్నా? మరి నీ మీదికి వచ్చిండేదేంది?" అని అడిగాడు. కత్తెర ఇంకా గాల్లో ఉండగా అడిగాడు ఆ మాట.

నాయన కొడుకును వదలకుండానే జవాబు చెప్పాడు. "నా మీదికి వచ్చినప్పుడు నిప్పుల్లో కూడా నాకు భయమనేది తెలియల్యా. వీని కండ్లు చూడండిరా. భయపడతాండాడు వీడు. మొదటి దినం నుంచి భయపడతానే ఉండాడు. నాకు తెలుసు. తెలిసే ఊదు ఏసినా."

అప్పుడు కదిలారు. మొక్కిన చేతులే మీద పడ్డాయి. అన్నను బోర్లా పడేసి కత్తెర లాక్కున్నారు. అక్కడితో ఆగలేదు. సామి కాదని తెలిసేసరికి, ఇన్నాళ్ళూ తిన్న దెబ్బలన్నీ గుర్తొచ్చాయి కాబోలు, ఒకడు అతని డొక్కలో తన్నాడు. ఇంకొకడు మెడ మీద కాలు వేశాడు. నేను అన్న మీద పడి అడ్డుకుని, తన్నినవాడి మొహాన ఉమ్మేశాను. పరుపులకు తొడిగే చారల గుడ్డ చించి అతని చేతులూ కాళ్ళూ మేమే కట్టాం. నాయన కట్టిన ముడి నాకంటే గట్టిగా ఉంది. ఆయన ఏడుస్తూనే కట్టాడు.

గోల విని పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు దిగివచ్చాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ తెలిసిపోతుందోనని మేము భయపడి చచ్చింది ఈయన గురించే. కొట్టంతా రక్తం, దూది. నేను ఇక దాచలేక, మా అన్నకు మానసికంగా బాగాలేదండి అని చెప్పాను.

"గా సంగతి నాకు ఎప్పుడో సమజైంది" అన్నాడాయన. "మీరే చెప్తలేరు గదా అని ఊకున్న. ఇగ జల్ది కానియ్యుర్రి, నా బండి తీస్త."

ఆసుపత్రిలో పేరు రాసుకునే అమ్మాయి మా పేరు వినగానే ఉర్దూలోకి మారింది. మంచితనంతోనే మారింది. నాయన కాసేపు బిత్తరపోయి చూశాడు. "అమ్మా, మాకు ఉర్దూ రాదు. నా కొడుక్కు మతి బాగల్యా, చూడండి" అన్నాడు. ఆ మాట పైకి అనడం ఆయనకు అదే మొదటిసారి. అన్న చుట్టూ వేసిన కట్లు విప్పుతుంటే పక్కకు తిరిగి గోడ వైపు నిలబడ్డాడు. వదిన భుజానికీ నా చేతికీ అక్కడే కుట్లు వేశారు. నేను వెళ్ళి మాట్లాడిన డాక్టరమ్మే సాయంత్రం వచ్చింది. ఆ రోజు అన్న ఇంజెక్షను మీద నిద్రపోతుంటే, అతని పిడికిళ్ళు వదులు కావడం చూశాను. అన్ని నెలల తర్వాత మా అన్న చేతులు అన్న చేతుల్లా కనిపించాయి.

తర్వాత అంతా సుఖంగా ఏమీ లేదు. మందులకు ఒళ్ళు వచ్చింది, నోట్లోంచి చొంగ కారింది. బాగైపోయింది కదా అని మధ్యలో మానేసి, కొట్టు అద్దం పగలగొట్టి మళ్ళీ ఆసుపత్రికి చేరాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఊళ్ళో పీరు ఎత్తే హక్కు వేరే ఇంటికి పోయింది. నాయన పండుగనాడు చావిడి అరుగు మీద అందరితో పాటు కూర్చుని చూశాడు. ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే, మావాడు మందులు మింగుతాండాడు, మీ ఇండ్లల్లో కూడా ఎవురన్నా ఉంటే చెప్పండి అంటాడు. ఆ మాటకు మొదట్లో నవ్వారు. తర్వాత ఒకరిద్దరు చాటుగా నా నంబరు అడిగారు. ఇప్పుడు మావాళ్ళలో నాకు పిచ్చాసుపత్రి పిల్ల అని పేరు. అననీ. అడిగినవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోతూనే ఉన్నాను.

ఈమధ్య ఒక పొద్దున నేను కొట్లో ఉండగా మావాళ్ళలో ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. డిగ్రీ చదివే పిల్ల. నుదురంతా బొప్పులు కట్టి ఉంది. గోడకేసి తల బాదుకుంటుందట. పట్టుకోబోయిన తల్లిని కూడా తోసి కొడుతుందట. ఆయన ఒక నీళ్ళ సీసా తీసి అన్న ముందు పెట్టాడు. "ఒక్కసారి ఊది ఇయ్యి సామీ. నీ నోట్లో మహిమ ఇంకా ఉంటాదని మా ఇంటామె నమ్మకం."

అన్న చేతులు మందుల వల్ల ఇంకా కొంచెం వణుకుతాయి. ఆ చేతులతోనే సీసాను వెనక్కి జరిపాడు.

"నేను ఊదను. ఆసుపత్రికి పోదాం పా. నేను కూడా వస్తా."

"ఆసుపత్రికి యాలా? పిల్లకు పిచ్చేం కాదు."

"నన్నూ అట్లనే అంటిరి గదా" అన్నాడు అన్న. "అప్పుడు లోపల నాకు తెలుస్తానే ఉండె. పట్టుకోండి నన్ను, ఆపండి నన్ను అని లోపల అరుస్తాంటి. నోట్లోంచి మాత్రం వేరే మాటలు వస్తాండె. మీరేమో సంబంధాలు కుదురుతాయా, కేసు గెలుస్తామా అని అడుగుతాంటిరి. నువ్వు కూడా అడిగినావు."

ఆయన తల దించుకున్నాడు. లోపల దిండు కుడుతున్న వదిన చేయి ఆగింది. ఈ సంగతి అన్న ఆమెతో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"నీ కాళ్ళ దగ్గరే ఉంటి గదా" అంది వదిన. "నాకెట్ల తెలియకపాయె?"

"కాళ్ళ దగ్గరే ఉంటివి. మొగం చూసింటే తెలిసిండేది."

ఆమె దిండును ఒళ్ళోకి లాక్కుంది. బయట రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"నా మొగం చూడు నాయనా" అంది.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. వదిన దిండు పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, ఆటో పిలవడానికి రోడ్డు మీదికి వెళ్ళింది.